మల్టీవర్స్: పేరు ఒకటే, లెక్కలు వేరు

క్లుప్తంగా: మల్టీవర్స్ (మన విశ్వం ఒక్కటే కాదు, ఇంకా ఎన్నో ఉన్నాయన్న ఆలోచన) అనేది ఏదో ఒక సిద్ధాంతం పేరు కాదు. వేరే చిక్కుముడులు విప్పడానికి పుట్టిన కొన్ని సిద్ధాంతాలు చివరికి చేరిన చోటు అది. వాటిలో ఇన్‌ఫ్లేషన్‌కు, అంటే విశ్వం పుట్టగానే విపరీతమైన వేగంతో సాగిందన్న సిద్ధాంతానికి, పరిశీలనల అండ బాగానే ఉంది. దాని వెనకే వచ్చే బుడగ విశ్వాలకు మాత్రం ఇప్పటిదాకా నేరుగా ఏ ఆధారమూ దొరకలేదు. క్వాంటం సిద్ధాంతంలో వినిపించే ‘అనేక లోకాలు’ పూర్తిగా మరో సంగతి. ఈ మూడింటినీ కలిపేయడం వల్లే గందరగోళం.

2020 మే నెలలో ఒక వార్త ఫోన్లలో చక్కర్లు కొట్టింది. అంటార్కిటికాలో నాసా సమాంతర విశ్వాన్ని కనిపెట్టిందనీ, అక్కడ కాలం వెనక్కి నడుస్తుందనీ దాని సారాంశం. అసలు జరిగింది చాలా చిన్నది. అనీటా అనే పరికరాన్ని పెద్ద బెలూన్‌కు కట్టి మంచు మీద ఎగరేశారు. అంతరిక్షం నుంచి వచ్చే అధిక శక్తి కణాల జాడను రేడియో తరంగాల్లో పట్టుకోవడం దాని పని. పట్టుకున్నవాటిలో ఒకటి రెండు సంకేతాలు కింద మంచులోంచి పైకి వచ్చినట్టు కనిపించాయి. కారణం వెంటనే తేలలేదు. అలాంటి చోట కొందరు ఒక ఊహ చేశారు. ఆ ఊహే పత్రికల్లో హెడ్డింగయింది.

2024 డిసెంబరులో మరోసారి అదే మాట. విల్లో అనే 105 క్యూబిట్ల (క్వాంటం కంప్యూటర్ లెక్కలకు మూల ప్రమాణాలు) క్వాంటం చిప్‌ను గూగుల్ బయటపెట్టింది. ఇప్పటి సూపర్ కంప్యూటర్లకు 1 పక్కన 25 సున్నాలన్ని ఏళ్లు పట్టే ఒక లెక్కను ఇది 5 నిమిషాల్లోపే చేసిందన్నారు. ఆ ప్రకటనలోనే, క్వాంటం గణన ఎన్నో సమాంతర విశ్వాల్లో జరుగుతుందన్న ఆలోచనకు ఇది బలమిస్తోందని ఒక వాక్యం చేర్చారు. చిప్ సంగతి పక్కకు పోయి, మల్టీవర్స్ రుజువైపోయిందన్న ప్రచారం మిగిలింది.

రెండు వార్తల్లోనూ మాట ఒకటే. దాని వెనకున్న భౌతిక శాస్త్రం మాత్రం ఒకటి కాదు.

నిజానికి ఇలాంటి మాట తెలుగువారి చెవికి కొత్తేమీ కాదు. తిరుమల వెంకన్నను ‘అఖిలాండ కోటి బ్రహ్మాండ నాయకుడు’ అనడం చిన్నప్పటి నుంచీ వింటున్నదే. బ్రహ్మాండాలు కోట్లలో ఉంటాయన్న భావన భక్తిలో ఎప్పుడో ఇమిడిపోయింది. భౌతిక శాస్త్రం మాత్రం వేరే దారిలో అక్కడికి వచ్చింది. కొలిచిన అంకెలు పొంతన కుదరకపోతే, ఎందుకు కుదరలేదో తేల్చబోయి చేరింది. కాబట్టి కథ ఆ అంకెల దగ్గరే మొదలవుతుంది.

కనిపించేంత మేర

విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్లు. కాంతి ప్రయాణానికి సమయం పడుతుంది కాబట్టి, ఎంత దూరం చూస్తే అంత పాతకాలం కనిపిస్తుంది. 1,380 కోట్ల ఏళ్లకు ముందు బయల్దేరిన కాంతి అంటూ ఏదీ లేదు గనుక చూపుకు ఒక హద్దు ఉంది. ఆ కాంతి ప్రయాణిస్తున్నంత కాలమూ అంతరిక్షం సాగుతూనే ఉంది. అందువల్ల ఆ హద్దు ఇప్పుడు మన నుంచి సుమారు 4,600 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. శాస్త్రవేత్తలు మన విశ్వం అన్నప్పుడు చాలాసార్లు ఈ మేరనే లెక్కలోకి తీసుకుంటారు. పొలం గట్టు మీద నిలబడితే చూపు ఆనినంత మేర కనిపిస్తుంది. అదే భూమి అంచని ఎవరూ అనుకోరు. ఇదీ అంతే. హద్దుకు అవతల కూడా ఇలాంటి గెలాక్సీలే ఉండాలి.

ఎంత దూరం వరకు? అంతరిక్షం వంపు ఎంతో కొలిస్తే కొంత తెలుస్తుంది. విశ్వం తొలినాటి కాంతిని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం లెక్కలనూ గెలాక్సీల సర్వేలనూ కలిపి చూస్తే ఆ వంపు దాదాపు సున్నా. తేడా ఉన్నా నూటికి 0.2కు అటూ ఇటూ. అంటే విశ్వం మనకు కనిపించే దానికన్నా చాలా పెద్దది కావచ్చు, అనంతం కూడా కావచ్చు. నిజంగా అనంతమైతే ఒక విచిత్రం తప్పదు. 52 పేకముక్కలను అమర్చగల తీరులు 8 పక్కన 67 సున్నాలన్ని. బోలెడన్ని, కానీ లెక్కకు అందేవే. అలుపు లేకుండా కలుపుతూ పోతే ఎప్పుడో ఒకప్పుడు పాత అమరికే మళ్లీ పడాలి. కొంత మేరలో అణువులను అమర్చే తీరులకూ ఇలాగే లెక్క ఉంది. చోటు అనంతమైతే ఇదే భూమి, ఇదే వీధి, ఈ వ్యాసం చదువుతున్న ఇదే మనిషి ఎక్కడో మళ్లీ ఉండాలి. మల్టీవర్స్‌లలో అతి సాదాసీదా రకం ఇదే. దీనికి కొత్త భౌతిక సూత్రం ఒక్కటీ అక్కర్లేదు. అంతరిక్షం అనంతమన్న ఒక్క షరతు చాలు. ఆ షరతు తేల్చే కొలత మాత్రం లేదు. వంపు సున్నాకు ఎంత దగ్గరగా వచ్చినా, సున్నాకు దగ్గర అనే తేలుతుంది తప్ప అనంతం అని తేలదు.

పావురాలు వెళ్లినా పోని గోల

విశ్వం సాగుతోందన్నది 1920లలో తేలింది. 1922లో రష్యాలో అలెగ్జాండర్ ఫ్రీడ్‌మన్, 1927లో బెల్జియంలో జార్జ్ లెమైత్రె ఐన్‌స్టీన్ సమీకరణాల నుంచే ఆ ఫలితం రాబట్టారు. గెలాక్సీ ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా వెళ్తోందని 1929లో అమెరికాలో ఎడ్విన్ హబుల్ చూపించాడు. సాగుతున్నదాన్ని వెనక్కి తిప్పితే ఒకప్పుడు అంతా ఇరుకుగా, విపరీతమైన వేడిగా ఉండాలి. మహావిస్ఫోటం అనే పేరు అక్కడి నుంచే. అది ఎక్కడో ఒక బిందువు దగ్గర పేలిన బాంబు కాదు. అన్ని చోట్లా ఒకేసారి మొదలైన సాగుడు. తెలుగు పేరులో ‘విస్ఫోటం’ ఉండటం వల్ల ఈ అపోహ మరింత గట్టిపడింది.

ఆ వేడికి సాక్ష్యం 1965లో దొరికింది. న్యూజెర్సీలోని హోల్మ్‌డెల్‌లో బెల్ ల్యాబ్స్‌కు పెద్ద కొమ్ము ఆకారంలో ఒక యాంటెన్నా ఉండేది. ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ దానితో ఆకాశాన్ని వింటుంటే ఒక సన్నటి గోల వదల్లేదు. ఎటు తిప్పినా అంతే, పగలైనా రాత్రైనా అంతే. యాంటెన్నాలో పావురాలు గూడు కట్టాయి. వాటిని పట్టి దూరంగా పంపించారు. తిరిగొచ్చాయి. రెట్టలన్నీ గీకి శుభ్రం చేశారు. గోల మాత్రం అలాగే ఉంది. అది విశ్వం పుట్టిన 3.8 లక్షల ఏళ్లకు వెలువడిన కాంతి. అప్పుడు సుమారు 3,000 కెల్విన్ల వేడితో ఉన్నది సాగి సాగి చల్లబడి, ఇప్పుడు 2.7 కెల్విన్ల మైక్రోవేవ్ తరంగాలుగా అందుతోంది. కేబుల్ రాకముందు డాబా మీద యాంటెన్నా తిప్పుతుంటే టీవీలో చీమల్లా పరుగెత్తే చుక్కలు కనిపించేవి. వాటిలో ఏ నూటికో ఒకటి ఈ పాత కాంతి పుణ్యమే. 1978లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

చిక్కు మొదలైంది కూడా ఈ కాంతి దగ్గరే. ఆకాశంలో ఈ మూల కొలిచినా, సరిగ్గా దానికి ఎదురు మూల కొలిచినా ఉష్ణోగ్రత ఒకటే. 1992లో కోబ్ ఉపగ్రహం తేడాలు పట్టుకుంది గానీ అవి లక్షలో ఒక వంతు. వేడి నీళ్లూ చన్నీళ్లూ కలిస్తే కాసేపటికి సమానమవుతాయి, అయితే ముందు కలవాలి కదా. 3.8 లక్షల ఏళ్ల వయసులో ఒకదాని ప్రభావం ఇంకోదానికి అందగల మేర, నేటి ఆకాశంలో ఒకటి రెండు డిగ్రీలు మించదు. పున్నమి చంద్రుడి వెడల్పు అర డిగ్రీ. అంటే ఆకాశమంతా నాలుగు చందమామలు పట్టేంత ముక్కలు వేలకొద్దీ ఉన్నాయి, వాటిలో ఏ రెంటికీ ఎన్నడూ పరిచయం లేదు. ఫోన్లు, రోడ్లు లేని కాలంలో ఒకరి ముఖం ఒకరు చూడని వేల ఊళ్లలో ఆవకాయలో ఉప్పూ కారం లక్షలో ఒక వంతు తేడా లేకుండా ఒకేలా పడ్డాయంటే ఎవరైనా నమ్ముతారా? విశ్వంలో జరిగింది అదే. దీన్ని హొరైజన్ సమస్య అంటారు. అంతరిక్షం వంపు అంత కచ్చితంగా సున్నా దగ్గర ఎందుకు ఆగిందన్నది రెండో సమస్య.

ఒక రాత్రి నోట్‌బుక్‌లో

1979 డిసెంబరు 6 రాత్రి. కాలిఫోర్నియాలోని స్లాక్ ప్రయోగశాలలో పనిచేస్తున్న అలన్ గూత్ అనే యువ శాస్త్రవేత్త ఇంట్లో కూర్చుని లెక్కలు వేస్తున్నాడు. ఆయన వెతుకుతున్నది విశ్వం పుట్టుక గురించి కూడా కాదు. సిద్ధాంతం ప్రకారం బోలెడు ఉండాల్సిన మోనోపోల్ అనే కణాలు ఒక్కటీ ఎందుకు కనిపించడం లేదన్నది ఆయన తగాదా. తెల్లారేసరికి నోట్‌బుక్‌లో అద్భుతమైన విషయం తట్టిందంటూ రాసుకుని, చుట్టూ రెండు గీతల గడి గీశాడు. ఆ నోట్‌బుక్ తర్వాత షికాగోలోని ఆడ్లర్ ప్లానెటేరియంకు చేరింది.

తట్టింది ఇదీ: విశ్వం పుట్టిన సెకనులో ఊహకందనంత చిన్న భాగంలో, ఖాళీ అంతరిక్షమే ఒక రకమైన శక్తితో నిండి ఉంటే, ఐన్‌స్టీన్ సమీకరణాల ప్రకారం గురుత్వం లాగే బదులు నెడుతుంది. సాగినా ఆ శక్తి పల్చబడదు. కాబట్టి రెట్టింపు, దానికి రెట్టింపు, దానికీ రెట్టింపు. చదరంగం గళ్లలో గింజలు రెట్టింపు చేస్తూ పెట్టమన్న కథ తెలిసిందే. 64 గళ్లకే రాజుగారి గాదెలు ఖాళీ అయ్యాయి. ఇక్కడ కనీసం 85 గళ్లు దాటాలి. అణువు కన్నా ఎన్నో రెట్లు చిన్నదైన చుక్క, కనురెప్ప పాటులో లక్షల కోట్ల కోట్లో వంతు కూడా పట్టకుండా, 1 పక్కన 26 సున్నాలన్ని రెట్లు పెరుగుతుంది.

దాంతో రెండు సమస్యలూ ఒకేసారి తీరతాయి. దూరంగా కనిపించే మూలలన్నీ సాగకముందు ఒకే చిన్న చుక్కలో కలిసి ఉన్నవే. ఒకే ఇంట్లో కలిపిన ఆవకాయను తర్వాత ఊళ్లకు పంచారన్నమాట. వంపు సంగతికొస్తే, ఎంత వంపు ఉన్నా ఇంతగా ఉబ్బితే చదునుగానే కనిపిస్తుంది. ఈ సాగుడుకు ఇన్‌ఫ్లేషన్ అని పేరు పెట్టారు. అమెరికాలో ధరలు మండిపోతున్న కాలమది. ద్రవ్యోల్బణానికీ ఇంగ్లిష్‌లో అదే మాట.

గూత్ రాసిన మొదటి నమూనాలో ఇన్‌ఫ్లేషన్ సాఫీగా ఆగేది కాదు. 1982లో ఆంద్రే లిండె, విడిగా ఆండ్రియాస్ ఆల్బ్రెక్ట్, పాల్ స్టైన్‌హార్ట్ దాన్ని సరిదిద్దారు. అంతకన్నా ముఖ్యమైన ఫలితం ఇంకోటి వచ్చింది. క్వాంటం సూత్రాల ప్రకారం ఖాళీలో కూడా అతి సన్నటి వణుకు ఉంటుంది. ఇన్‌ఫ్లేషన్ ఆ వణుకును ఆకాశమంత సాగదీస్తే, కొన్ని చోట్ల పదార్థం పిసరంత ఎక్కువ, కొన్ని చోట్ల పిసరంత తక్కువ. ఎక్కువ ఉన్న చోట్లలోనే గురుత్వం కూడబెట్టి నక్షత్రాలనూ గెలాక్సీలనూ కట్టింది. ఈ వణుకు చిన్న దూరాల్లో, పెద్ద దూరాల్లో ఎంతెంత ఉండాలో సిద్ధాంతం ముందే చెప్పింది. అన్ని దూరాల్లోనూ సరిసమానమైతే ఆ అంకె 1. ఇన్‌ఫ్లేషన్ లెక్కన 1కి కాస్త తక్కువ రావాలి. ప్లాంక్ కొలిస్తే 0.965 వచ్చింది. ఇన్‌ఫ్లేషన్ మీద ఎక్కువమంది నమ్మకం పెట్టుకోవడానికి ఇలాంటి అంకెలే కారణం.

ఎసరులో బుడగలు

అయితే ఇన్‌ఫ్లేషన్ ఎలా ఆగింది? అన్నం వండటానికి ఎసరు పెట్టినప్పుడు గిన్నె దగ్గర నిలబడి చూస్తే సంగతి తెలుస్తుంది. నీళ్లంతా ఒక్క క్షణంలో ఆవిరైపోవు. అడుగున ఇక్కడొక బుడగ, అక్కడొక బుడగ లేస్తాయి. ఇన్‌ఫ్లేషన్ శక్తి కూడా అంతటా ఒక్కసారిగా ఆగాల్సిన పని లేదు. ఒక చోట ఆగితే అక్కడి శక్తి వేడిగా, కణాలుగా మారుతుంది. ఆ చోటికి అదే మహావిస్ఫోటం. చుట్టుపక్కల మాత్రం ఇంకా ఉబ్బుతూనే ఉంటుంది.

గిన్నెలో ఎసరు కాసేపటికి అయిపోతుంది. ఇక్కడ అయిపోదు. ఉదాహరణకు ఉబ్బుతున్న మేరలో సగం ఆగిపోయేలోపు మిగిలిన సగం పదింతలైందనుకుంటే, మొత్తం మీద ఉబ్బేది తగ్గకపోగా ఐదింతలవుతుంది. తీసుకునే సొమ్ము కన్నా చక్రవడ్డీ ఎక్కువ పడే ఖాతా ఎప్పటికి ఖాళీ అవుతుంది? 1983లో అలెగ్జాండర్ విలెంకిన్, తర్వాత 1986లో లిండె ఈ లెక్క చూపించారు. ఒకసారి మొదలైతే మొత్తంగా ఎన్నటికీ ఆగదు, బుడగ తర్వాత బుడగ పుడుతూనే ఉంటుంది. మన 1,380 కోట్ల ఏళ్ల విశ్వం అందులో ఒక బుడగ. తీగ లాగితే డొంకంతా కదిలినట్టయింది. కనిపించని కణాల లెక్క తేల్చబోతే, ఆకాశం నున్నగా ఎందుకుందో తెలిసింది. దాని వెనకే లెక్కలేనన్ని విశ్వాలూ వచ్చిపడ్డాయి.

ఇన్‌ఫ్లేషన్ నమూనాల్లో చాలావరకు ఇలా ఆగనివే. అన్నీ కావు. కాబట్టి ఇన్‌ఫ్లేషన్ నిజమైతే మల్టీవర్స్ కూడా నిజమైపోయినట్టేనని చెప్పడం తొందరపాటు. స్టీఫెన్ హాకింగ్ చివరి పరిశోధన పత్రాల్లో ఒకటి దీని మీదే. థామస్ హెర్టాగ్‌తో కలిసి రాసిన ఆ పత్రం ఆయన మరణం తర్వాత 2018లో అచ్చయింది. బుడగ విశ్వాల గుంపు అందరూ అనుకునేంత అడ్డూ అదుపూ లేనిది కాదని వారి వాదన.

120 సున్నాల తేడా

బుడగలన్నీ ఒకేలా ఉంటే మల్టీవర్స్‌తో పెద్ద పేచీ ఉండేది కాదు. వేర్వేరుగా ఉంటాయనే ఆలోచనకు బలం 1998లో వచ్చింది. దూరపు సూపర్‌నోవాలను (పేలిపోయే నక్షత్రాలను) కొలిచిన రెండు బృందాలకు విశ్వం సాగే వేగం తగ్గడం లేదని, పెరుగుతోందని తేలింది. ఇందుకు 2011లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. నెడుతున్నదానికి డార్క్ ఎనర్జీ అని పేరు పెట్టారు. విశ్వంలోని మొత్తంలో సుమారు 68 శాతం అదే. మనకు తెలిసిన అణువుల వాటా 5 శాతం లోపే.

ఖాళీ అంతరిక్షానికి ఎంత శక్తి ఉండాలో క్వాంటం సిద్ధాంతంతో మామూలుగా అంచనా వేస్తే వచ్చే అంకె, కొలిచిన దానికన్నా 1 పక్కన 120 సున్నాలన్ని రెట్లు ఎక్కువ. సైన్స్‌లో ఇంత ఘోరంగా తప్పిన అంచనా ఇంకొకటి లేదని తరచూ అంటారు. పూర్తిగా సున్నా అయి ఉంటే ఏదో సూత్రం కొట్టేసిందనుకోవచ్చు. సున్నా కాకుండా, సున్నా పక్కన ఎందుకు ఆగింది?

1987లోనే స్టీవెన్ వైన్‌బర్గ్ ఒక జవాబు రాసిపెట్టాడు. ఈ అంకె ఒక్కో విశ్వంలో ఒక్కోలా ఉంటే, ఎక్కువున్న చోట పదార్థం కూడకముందే చెల్లాచెదురవుతుంది. గెలాక్సీలు పుట్టవు, అడిగే మనుషులూ ఉండరు. కాబట్టి అడిగేవాళ్లున్న చోట ఈ అంకె చిన్నదిగానే ఉండాలి, అలాగని సున్నాయే అయి తీరాలని లేదు. పదకొండేళ్ల తర్వాత కొలిస్తే ఆయన గీసిన హద్దుల్లోనే తేలింది. మల్టీవర్స్ వాదులు గర్వంగా చూపించే ఫలితం ఇదొక్కటే.

అంకెలు మారడానికి వీలెక్కడిది? కణాలన్నీ అతి సన్నటి తీగల కంపనాలేననే స్ట్రింగ్ సిద్ధాంతం పరిష్కారాలు ఒకటీ రెండూ కావని, 1 పక్కన 500 సున్నాలన్ని ఉండొచ్చని 2000 తర్వాత అంచనాలు వచ్చాయి. ఒక్కో పరిష్కారం ఒక్కో రకం విశ్వం. డార్క్ ఎనర్జీ ఉన్న విశ్వాన్ని ఆ సిద్ధాంతంలో ఎలా నిలబెట్టాలో 2003లో నలుగురు చూపించిన పత్రం ఈ రంగంలో మైలురాయి. వారిలో ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన సందీప్ త్రివేది ఒకరు. అయితే ఆ నిర్మాణం గట్టిదేనా అన్న వాదన ఇంకా నడుస్తోంది. అలాంటి విశ్వాలు స్ట్రింగ్ సిద్ధాంతంలో అసలు కుదరవేమోనని 2018లో హార్వర్డ్‌కు చెందిన కమ్రున్ వాఫా బృందం ప్రతిపాదించింది.

‘మనం ఉన్నాం కాబట్టి ఇలా ఉంది’ అనే వాదన వినగానే జారుకునే సమాధానంలా తోస్తుంది. కెప్లర్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. గ్రహాల దూరాలు అలాగే ఎందుకున్నాయో రేఖాగణితంతో తేల్చాలని ఆయన ఏళ్లు వెచ్చించాడు. భూమి సూర్యుడికి 15 కోట్ల కిలోమీటర్ల దూరంలోనే ఎందుకుందన్న ప్రశ్నకు ఏ మూలసూత్రమూ జవాబు కాదని ఇప్పుడు తెలుసు. గ్రహాలు ఎన్నో ఉన్నాయి, నీళ్లు నిలిచే దూరంలో ఉన్న చోట మనం పుట్టాం. అది సరైన ప్రశ్నే కాదని తేలడానికి శతాబ్దాలు పట్టింది. డార్క్ ఎనర్జీ అంకె కూడా అలాంటిదే కావచ్చన్నది ఒక వైపు మాట. రెండో వైపు మాట కూడా అంతే బలమైనది: వేరే గ్రహాలు టెలిస్కోపుకు కనిపిస్తాయి, వేరే విశ్వాలు కనిపించవు.

ఎవరెట్ దారి వేరు

విల్లో చిప్ ప్రకటనలో వినిపించిన మల్టీవర్స్‌కు పైన చెప్పిన బుడగలతో సంబంధం లేదు. అది 1957లో ప్రిన్‌స్టన్‌లో హ్యూ ఎవరెట్ రాసిన సిద్ధాంత వ్యాసం నుంచి వచ్చింది.

సగం కాంతిని వదిలి సగాన్ని వెనక్కి పంపే అద్దం మీద ఒక్క ఫోటాన్‌ను (కాంతి కణాన్ని) వదిలితే అది ఎటు వెళ్తుంది? క్వాంటం సమీకరణం రెండు దారులనూ కలిపే చెబుతుంది. పరికరం మాత్రం ఒక వైపే టక్కుమంటుంది. కొలిచిన క్షణంలో రెండో అవకాశం మాయమవుతుందన్నది అప్పటి పెద్దల మాట. ఎలా మాయమవుతుందో సమీకరణంలో లేదు. మాయం కావడమే లేదన్నాడు ఎవరెట్. పరికరం, చూసే మనిషి కూడా అణువులతో చేసినవే కాబట్టి వాటికీ అదే సమీకరణం వర్తించాలి. అప్పుడు ఒక శాఖలో మనిషి ఈ వైపు చప్పుడు విన్నాడు, ఇంకో శాఖలో ఆ వైపు. రెండు శాఖలూ ఇక కలవవు. ఇవి కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉండవు. ఇక్కడే, ఒకదానికొకటి తెలియకుండా ఉంటాయి.

1959లో ఎవరెట్ కోపెన్‌హాగన్ వెళ్లి, ఆ పెద్దల్లో ముఖ్యుడైన నీల్స్ బోర్‌ను కలిశాడు. ఫలితం లేదు. అప్పటికే ఆయన పరిశోధన వదిలి అమెరికా రక్షణ శాఖ లెక్కల్లో చేరిపోయాడు. 1970లో బ్రైస్ డివిట్ అనే భౌతిక శాస్త్రవేత్త పూనుకున్నాకే ‘అనేక లోకాలు’ జనంలోకి వచ్చింది. ఎవరెట్ 1982లో 51 ఏళ్లకే చనిపోయాడు.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఎవరెట్ వివరణైనా, కొలిస్తే రెండో అవకాశం మాయమవుతుందనే పాత కోపెన్‌హాగన్ వివరణైనా, ప్రయోగం ఫలితం మీద చెప్పే అంకెలు ఒకటే. క్వాంటం చిప్ ఎంత వేగంగా లెక్క చేసినా క్వాంటం సమీకరణం సరైనదని తెలుస్తుంది. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో తెలియదు. అమరావతిలో క్వాంటం వ్యాలీ ప్రకటించినప్పటి నుంచి తెలుగులో క్యూబిట్ల మాట ఇంటింటా వినిపిస్తోంది. అక్కడ 156 క్యూబిట్ల ఐబీఎం యంత్రం పనిచేసినా, దాని మీద పనిచేసే ఇంజినీరు సమాంతర లోకాలను నమ్మాల్సిన అవసరం లేదు. నమ్మకపోయినా లెక్క మారదు.

వెతికారు

ఆధారాల కోసం అసలు వెతకలేదనడం నిజం కాదు. ఎసరులో రెండు బుడగలు పక్కపక్కనే లేస్తే ఒకదాన్నొకటి తాకుతాయి. మన బుడగను చిన్నప్పుడు ఇంకో బుడగ తాకి ఉంటే, పాత కాంతి పటం మీద గుండ్రటి మచ్చ పడాలి. 2011లో స్టీఫెన్ ఫీనీ, హిరణ్య పీరిస్ తదితరుల బృందం డబ్ల్యూమ్యాప్ ఉపగ్రహం ఏడేళ్ల సమాచారమంతా జల్లెడ పట్టింది. అనుమానించదగ్గ మచ్చలు నాలుగు దొరికాయి. గణాంకాలతో తూకం వేస్తే నిలవలేదు. ఎరిడనస్ నక్షత్ర మండలం వైపు కనిపించే ‘కోల్డ్ స్పాట్’ అనే చల్లటి మచ్చను కూడా కొందరు వేరే విశ్వం గుద్దిన గాయమన్నారు. ఆ దారిలో గెలాక్సీలు పల్చగా ఉన్న పెద్ద ఖాళీ ఉందని 2015లో తేలింది. మచ్చను అది కొంతవరకే వివరిస్తుంది. మిగతాది కాకతాళీయం కావడానికే ఎక్కువ వీలుందని చాలామంది అభిప్రాయం.

అన్నిటికన్నా పెద్ద హడావుడి 2014 మార్చి 17న జరిగింది. దక్షిణ ధ్రువంలోని బైసెప్-2 టెలిస్కోపు, పాత కాంతిలో ఇన్‌ఫ్లేషన్ నాటి గురుత్వ తరంగాల సుడులు చూసిందని ప్రకటించారు. కబురు చెప్పడానికి బృందంలోని ఒకరు లిండె ఇంటి తలుపు తట్టడం, పెద్దాయన తలుపు దగ్గరే ఉక్కిరిబిక్కిరి కావడం, ఆ తర్వాత షాంపేన్, అంతా వీడియోగా ప్రపంచమంతా చూసింది. ఏడాది తిరగకుండానే, 2015 జనవరిలో, ప్లాంక్ సమాచారంతో కలిపి చూస్తే ఆ సుడుల్లో చాలావరకు మన పాలపుంతలోని ధూళి పనేనని తేలింది. అప్పుడు 0.2 అన్న ఆ తరంగాల బలం, 2021 నాటి కొలతల ప్రకారం 0.036 దాటదు. ఇన్‌ఫ్లేషన్ నమూనాల్లో సులువైనవి కొన్ని దీంతోనే కొట్టుకుపోయాయి. అంటే ఈ రంగంలో తప్పని తేలడమూ జరుగుతోంది, బుడగల విషయంలో కాకపోయినా.

నేల విడిచిన సామా?

2014 డిసెంబరులో జార్జ్ ఎల్లిస్, జో సిల్క్ నేచర్ పత్రికలో గట్టిగానే రాశారు. పరీక్షకు నిలవని సిద్ధాంతాన్ని అందంగా ఉందని ఒప్పుకుంటే భౌతిక శాస్త్రం పరువు పోతుందని వారి వాదన. ఇంకా ఆసక్తికరమైన తిరుగుబాటు స్టైన్‌హార్ట్‌ది. ఇన్‌ఫ్లేషన్‌ను నిలబెట్టినవారిలో ఒకరైన ఆయనే దానికి పెద్ద విమర్శకుడయ్యాడు. ఏదైనా జరగగలిగే చోట ఏదీ ముందే చెప్పలేమంటాడు. 2017లో మరో ఇద్దరితో కలిసి ఆయన రాసిన వ్యాసానికి గూత్, లిండె, హాకింగ్ సహా 33 మంది సంతకాలతో జవాబు వచ్చింది. శాస్త్రవేత్తలు ఇలా మూకుమ్మడిగా ఉత్తరం రాయడం అరుదు.

విమర్శల్లో అన్నిటికన్నా లోతైనది తత్వానికి సంబంధించింది కాదు, లెక్కకు సంబంధించింది. విశ్వాలు అనంతమైతే వాటిలో మనలాంటివి ఎన్ని శాతం? అంకెల్లో సరి సంఖ్యలు సగం అంటాం. 1, 2, 3, 4 అని వరసగా రాస్తే నిజమే. అవే అంకెలను ఒక సరి, రెండు బేసి, మళ్లీ ఒక సరి, రెండు బేసి చొప్పున పేర్చినా ఒక్కటీ తప్పిపోదు. ఈ వరసలో మాత్రం సరి సంఖ్యలు మూడో వంతే. అనంతం దగ్గర శాతం అనేది పేర్చిన వరసను బట్టి మారిపోతుంది. బుడగ విశ్వాలను ఏ వరసలో లెక్కించాలో చెప్పే సూత్రం ఎవరి దగ్గరా లేదు. అది దొరికేదాకా ‘ఇలాంటి విశ్వం పుట్టడానికి ఎక్కువ అవకాశం ఉంది’ అనే మాటకు అర్థమే లేదు. నమ్మేవాళ్లు కూడా ఈ లోపాన్ని ఒప్పుకుంటారు.

మల్టీవర్స్ వద్దనుకునేవారికి వేరే దారులూ ఉన్నాయి. విశ్వం కుంచించుకుని మళ్లీ సాగుతుందనే చక్రాల నమూనాను స్టైన్‌హార్ట్, నీల్ ట్యూరక్ 2001 తర్వాత నిర్మించారు. రోజర్ పెన్‌రోజ్‌ది మరో రకం చక్రం. అసలు మహావిస్ఫోటమే లేదన్న ఫ్రెడ్ హాయిల్ బాటలో మన జయంత్ నార్లీకర్ 2025లో పుణెలో కన్నుమూసేదాకా నిలబడ్డారు. యుగాలూ ప్రళయాలూ విన్న చెవులకు చక్రాల మాట ఇంపుగా ఉంటుంది గానీ, ఇంపుగా ఉండటం కొలతల్లో లెక్కలోకి రాదు. పాత కాంతి వివరాలను ఇన్‌ఫ్లేషన్ అంత సులువుగా ఇవేవీ రాబట్టలేకపోయాయి.

ఇకపై ఏం మారవచ్చు

ప్రస్తుతం ఎక్కువ కదలిక డార్క్ ఎనర్జీ వైపు ఉంది. అరిజోనాలోని కిట్ పీక్ మీద డెసి అనే పరికరం 5,000 సన్నటి ఫైబర్లతో ఒక్కసారే వేలాది గెలాక్సీల కాంతిని పట్టుకుంటుంది. దాదాపు 1.5 కోట్ల గెలాక్సీలు, క్వేజార్ల (బాగా వెలిగే గెలాక్సీ కేంద్రాల) లెక్కతో 2025 మార్చిలో వచ్చిన ఫలితాలు డార్క్ ఎనర్జీ కాలక్రమేణా బలహీనపడుతోందేమోనని సూచించాయి. ఏ సమాచారంతో కలిపి చూశారన్న దాన్నిబట్టి బలం 2.8 నుంచి 4.2 సిగ్మా (ఫలితం కాకతాళీయం కాదనడానికి కొలమానం). కనుగొన్నామని చెప్పుకోవడానికి 5 కావాలి. ఇది గట్టిపడితే వైన్‌బర్గ్ వాదన కూలిపోదు గానీ, ఒక స్థిరమైన అంకెను వివరించామన్న దాని గర్వం తగ్గుతుంది. వాఫా బృందం మాటకు విలువ పెరుగుతుంది.

ఇన్‌ఫ్లేషన్ వైపు చూస్తే, చిలీలోని అటకామా ఎడారిలో 5,200 మీటర్ల ఎత్తున సైమన్స్ అబ్జర్వేటరీ అవే సుడుల కోసం వెతుకుతోంది. జపాన్ నేతృత్వంలో లైట్‌బర్డ్ ఉపగ్రహం 2030లలో ఎగరాల్సి ఉంది. సుడులు దొరికితే ఇన్‌ఫ్లేషన్ ఎంత శక్తి దగ్గర జరిగిందో తెలుస్తుంది. దాన్నిబట్టి ఏ నమూనా నిలుస్తుందో, అది ఆగే రకమో ఆగని రకమో తేల్చడం మొదలుపెట్టవచ్చు. అప్పుడు కూడా పక్క బుడగ కనిపించదు. ఎసరు ఏ మంట మీద కాగిందన్నది మాత్రం తెలుస్తుంది.